ముదురు రంగు విండో థీమ్ చేస్తున్నాను: చూడ్డానికి బాగుంది, వాడుతుంటే తికమకగా ఉంది

చిగురాకు

అందరికీ నమస్కారం. లినక్స్‌లో వాడే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ కోసం ఒక విండో థీమ్, అంటే విండోల చట్రం రూపం, చేస్తున్నాను. ముదురు బూడిద రంగు, గీతలూ మెరుపులూ లేని చదునైన టైటిల్ బార్, చిన్న బటన్లు. ఒక్క విండో తెరిచి స్క్రీన్‌షాట్ తీస్తే నేను అనుకున్నట్టే ఉంది. అదే ఐదారు విండోలు ఒకదాని మీద ఒకటి తెరిచి పని మొదలుపెడితే, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియడం లేదు. గంటసేపటికి కళ్లు అలిసిపోతున్నాయి.

వివరాలు ఇవీ. ఫోకస్ ఉన్న విండో, అంటే ఇప్పుడు టైప్ చేస్తే అక్షరాలు పడే విండో, టైటిల్ బార్ రంగు కోడ్ 333333 (బూడిదలో అంకె పెరిగితే లేత). వెనకున్న విండోలకు 222222. వెనకున్న విండోల పేర్లు 666666 రంగులో. బార్ ఎత్తు 22 పిక్సెళ్లు, బటన్లు 12 పిక్సెళ్లు, చుట్టూ బోర్డర్ 1 పిక్సెల్. నీడ చాలా తక్కువ.

మొదట ఏది మార్చాలి? రంగులా, కొలతలా? రోజంతా చూసే తెర కాబట్టి అందం పోవడం మాత్రం నాకు ఇష్టం లేదు.

తెరచాప

చిగురాకు గారూ, మీ సమస్య మీరిచ్చిన మొదటి రెండు అంకెల్లోనే ఉంది. 333333కీ 222222కీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా చెప్పే నిష్పత్తి) లెక్క వేస్తే 1.26 వస్తుంది. రెండూ ఒకటే రంగైతే 1, నలుపు తెలుపులకు 21. అంటే ఫోకస్ ఉన్న విండోకీ లేని విండోకీ మీ థీమ్‌లో తేడా దాదాపు లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కన్ను పట్టుకుంటుంది. కానీ పని మధ్యలో ఒక్క చూపు విసిరితే పట్టుకోదు.

నా దృష్టిలో విండో థీమ్ మొదట చేయాల్సిన పని, ఇప్పుడు నేను కొట్టే అక్షరాలు ఏ విండోలోకి వెళ్తాయో చెప్పడం. అందం, రంగుల పొందిక, బటన్ల సొగసు అన్నీ ఆ తర్వాతే. ఆ ఒక్కటి కుదరకపోతే మిగతావి ఎంత బాగున్నా మనసు ప్రతిసారీ ఒక క్షణం ఆగి వెతుక్కుంటుంది. మీ కళ్లు అలిసిపోతున్నాయంటే కారణం అదే అయ్యుంటుంది.

పాత డెస్క్‌టాప్‌లు ఈ పని ఎలా చేశాయో చూడండి. 1984 నాటి మెకింటాష్‌కు నలుపు తెలుపు తప్ప వేరే రంగు లేదు. ఫోకస్ ఉన్న విండో టైటిల్ బార్‌లో అడ్డగీతలు ఉండేవి, మిగతా విండోల్లో ఆ గీతలు మాయమై బార్ తెల్లగా మిగిలేది. రంగు అవసరమే లేకుండా తేడా తెలిసిపోయేది. నెక్స్ట్ కంప్యూటర్ల నెక్స్ట్‌స్టెప్ సిస్టమ్‌లో ఫోకస్ ఉన్న విండో బార్ కారునలుపు, వెనకవి లేత బూడిద. విండోస్ 95లో ముదురు నీలం, బూడిద. ఎవరి రుచి వాళ్లది, కానీ అందరూ ముందు ఆ తేడాను గట్టిగా చూపించారు.

నల్లతెర

నేను ఒప్పుకోను. టైటిల్ బార్ కంటికి కనబడకుండా ఉండటమే మంచి డిజైన్. నేను చూడాల్సింది విండో లోపలున్న పనిని, దాని చట్రాన్ని కాదు. నేను ఏ విండోలో ఉన్నానో నాకు తెలుసు, ఇప్పుడే దాని మీద క్లిక్ చేశాను కదా. పైగా గాఢమైన రంగు పట్టీ రోజంతా తెర పైభాగంలో నిలబడితే అదే అసలు పరధ్యానం. చిగురాకు థీమ్ నాకు ఉన్నదున్నట్టుగానే నచ్చింది.

సూదికన్ను

క్లిక్ చేసిన మరుక్షణం తెలుసు, నిజమే. ఫోన్ మాట్లాడి తిరిగొచ్చాక? మరో ప్రోగ్రామ్ తనంతట తాను ఒక చిన్న విండో తెరిచి ఫోకస్ లాగేసుకున్నాక? చాటింగ్ విండో, టెర్మినల్ పక్కపక్కన ఉన్నప్పుడు టెర్మినల్లో కొట్టాల్సిన పాస్‌వర్డ్ చాటింగ్‌లోకి వెళ్లడం చాలామందికి అనుభవమే.

ఇంకొకటి. మౌస్ ఎటు వెళ్తే ఫోకస్ అటు వెళ్లేలా పెట్టుకునేవాళ్లు ఉన్నారు. నేనూ అంతే. మాకు క్లిక్ అనేదే ఉండదు. మౌస్ కాస్త జరిగితే చాలు, ఫోకస్ మారిపోతుంది. పై విండో ఒకటి, ఫోకస్ ఉన్న విండో ఇంకొకటి కావచ్చు. అలాంటప్పుడు టైటిల్ బార్ చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

నల్లతెర

సరే, మీ మాటలో బలముంది. ఫోకస్ తెలియాలి అన్నది ఒప్పుకుంటాను. దానికోసం బార్ మొత్తానికి రంగు పూయాలన్నది మాత్రం ఒప్పుకోను. బార్ పై అంచున 2 పిక్సెళ్ల మందాన ఒక్క రంగు గీత చాలు. ఫోకస్ ఉంటే గీత ఉంటుంది, లేకపోతే ఉండదు. తెర ప్రశాంతంగా ఉంటుంది, చెప్పాల్సింది చెప్తుంది. టైలింగ్ విండో మేనేజర్లు (విండోలను పలకల్లా పక్కపక్కన పేర్చేవి) వాడేవాళ్లు ఏళ్ల తరబడి సన్నని బోర్డర్ రంగు ఒక్కదానితోనే నెట్టుకొస్తున్నారు.

తెరచాప

నల్లతెర గారి గీత ఆలోచన చాలా బాగుంది. దీనికి లెక్క కూడా తోడొస్తుంది.

బూడిద రంగును మాత్రమే పట్టుకుని తేడా పెంచాలంటే ఒక చిక్కు ఉంది. వెనక విండో 222222 అనుకుందాం. ఫోకస్ బార్‌ను 555555కి పెంచితే కాంట్రాస్ట్ 2.13 అవుతుంది. 777777కి పెంచితే 3.55 అవుతుంది, బాగుంది. కానీ 777777 మీద తెల్లని అక్షరాల కాంట్రాస్ట్ 4.48కి పడిపోతుంది. మామూలు సైజు అక్షరాలకు వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు అడిగేది కనీసం 4.5. అంటే విండోల మధ్య తేడా పెంచిన కొద్దీ విండో పేరు చదవడం కష్టమవుతుంది.

గీత పెడితే ఈ రెండూ విడిపోతాయి. బార్ ముదురుగానే ఉంటుంది కాబట్టి పేరు హాయిగా చదువుకోవచ్చు. ఫోకస్ సంగతి గీత చూసుకుంటుంది. ఉదాహరణకు ఆర్‌జీబీ 255, 153, 0 నారింజ రంగు తీసుకుంటే 333333 మీద 5.9 వస్తుంది. బొమ్మలకూ బటన్లకూ ఆ ప్రమాణాలు అడిగే 3 కంటే ఇది చాలా ఎక్కువ.

గీతతో పాటు బార్‌ను కూడా 333333 నుంచి 444444 దాకా కొద్దిగా పెంచండి. రెండు గుర్తులు కలిసి పనిచేస్తే ఒకటి కంట పడకపోయినా రెండోది పట్టిస్తుంది.

ఇంద్రధనుస్సు

రంగు గీత అన్నారు కాబట్టి ఒక మాట. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా కనబడనివాళ్లు ఐరోపా మూలాల మగవారిలో దాదాపు 8 శాతం ఉన్నారు. ఫోకస్ ఉంటే ఆకుపచ్చ గీత, లేకపోతే ఎర్ర గీత అని మాత్రం పెట్టకండి. నల్లతెర గారు చెప్పినట్టు గీత ఉండటం, లేకపోవడం అనేదే సరైన పద్ధతి. రంగు ఏదైనా సరే, రంగు పోయినా ఆకారం మిగులుతుంది. మీ స్క్రీన్‌షాట్‌ను ఏ ఇమేజ్ ఎడిటర్లోనైనా నలుపు తెలుపు చేసి చూడండి. అప్పుడు కూడా ఏ విండో ఫోకస్‌లో ఉందో చెప్పగలిగితే పాస్.

బటన్లకూ ఇదే వర్తిస్తుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుండ్రాలు పెట్టే థీములు చాలా వస్తున్నాయి. మ్యాక్‌లో 2000లో ఆక్వా అనే కొత్త రూపం చూపించినప్పటి నుంచి అవి అందరికీ ముచ్చట. వాటి అందం నేనూ కాదనను. కానీ మౌస్ దగ్గరికి వెళ్తే తప్ప లోపలి గుర్తులు కనబడవు. అప్పటిదాకా అలవాటైన స్థానమూ రంగూ మాత్రమే ఆధారం. రంగులు వద్దనుకునేవాళ్ల కోసం గ్రాఫైట్ అనే బూడిద రంగు ఎంపిక కూడా యాపిలే ఇచ్చింది. కొత్తగా థీమ్ చేసేవాళ్లు గుండ్రాల లోపల క్రాస్, చదరం, గీత గుర్తులు ఎప్పుడూ కనబడేలా ఉంచితే ఏం పోతుంది? కొంచెం లేతగా గీసినా చాలు.

చిగురాకు

ఇన్ని వివరాలు వస్తాయని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. గీత పెట్టి చూశాను, తేడా వెంటనే తెలుస్తోంది. బార్ కూడా 444444 చేశాను.

ఒక సందేహం. వెనకున్న విండోల పేర్లను కావాలనే మసకగా పెట్టాను. వాటిని ఇప్పుడు వాడటం లేదు కదా, వెనక్కి తగ్గి ఉండాలని. అది కూడా మార్చాలా?

తెరచాప

మార్చాలి. ఇక్కడ చాలా థీములు ఒకేలా తడబడతాయి.

వెనకున్న విండో అంటే పని చేయని విండో కాదు. ఫోకస్ ఉన్న విండో పేరు మీరు దాదాపు ఎప్పుడూ చదవరు, దాంట్లోనే ఉన్నారు కాబట్టి. చదివేది వెనకున్న వాటి పేర్లే, ‘ఆ ఫైలు తెరిచిన విండో ఏది?’ అని వెతికేటప్పుడు. ఎక్కువగా చదివే అక్షరాలనే మనం ఎక్కువ మసక చేస్తున్నాం.

మీ 666666 అక్షరాలకు 222222 మీద కాంట్రాస్ట్ 2.77. అదే 999999 చేస్తే 5.58 వస్తుంది. ఫోకస్ ఉన్న పేరు తెలుపు, వెనకవి 999999 అయితే వెనక్కి తగ్గినట్టూ ఉంటాయి, చదవడానికీ వస్తాయి. థీమ్ సెట్టింగులు ఉండే థీమ్‌ఆర్‌సీ ఫైల్లో ఇనాక్టివ్ టెక్స్ట్ కలర్ అనే ఒక్క వరుస మారిస్తే సరిపోతుంది.

అక్షరదీపం

కొలతల గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మొదలుపెడతాను. 22 పిక్సెళ్ల బార్ ఇంగ్లీషు పేర్లకు సరిపోవచ్చు. మన లిపికి సరిపోదు.

తెలుగు అక్షరం మీద గుడి, తలకట్టు, దీర్ఘం పైకి వెళ్తాయి. కింద వత్తులు దిగుతాయి, ఒక్కోసారి రెండు వత్తులు ఒకదాని కింద ఒకటి వస్తాయి. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ అనే పేర్లతో మూడు ఫోల్డర్లు చేసి ఫైల్ మేనేజర్లో తెరవండి. టైటిల్ బార్‌లో కింది వత్తు తెగిపోతే ఎత్తు చాలదని అర్థం. నోటో సాన్స్ తెలుగుతో ఒకసారి, లోహిత్ తెలుగుతో ఒకసారి చూడండి. రెండింటి ఎత్తులు ఒకలా ఉండవు.

ఎక్స్‌ఎఫ్‌సీఈలో విండోల చట్రం గీసే విండో మేనేజర్ ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4లో బార్ ఎత్తు మీరిచ్చే టైటిల్ బొమ్మ ఎత్తును బట్టి నిర్ణయమవుతుంది. ఫాంట్ పెద్దది చేస్తే బార్ తనంతట తాను పెరగదు, అక్షరాలే తెగుతాయి. ఓపెన్‌బాక్స్ అనే ఇంకో విండో మేనేజర్లో ఇలా కాదు. అక్కడ ఫాంట్ ఎత్తును బట్టి బార్ పెరుగుతుంది. కాబట్టి ఎక్స్‌ఎఫ్‌సీఈ థీమ్ చేసేవాళ్లే ముందుగా చోటు వదలాలి. నా సలహా 28 పిక్సెళ్లు. కంటిచూపు తక్కువున్నవాళ్లు ఫాంట్ ఒక మెట్టు పెంచుకున్నా అప్పుడు ఇబ్బంది ఉండదు.

తమిళం, థాయ్, బర్మీస్ లిపులు వాడేవాళ్లకూ ఇదే అవస్థ. సన్నని బార్ ఫ్యాషన్ మొదలైంది పైనా కిందా పెద్దగా ఏమీ లేని లిపి వాడేవాళ్ల దగ్గర. ఒక్క ఇంగ్లీషు స్క్రీన్‌షాట్ చూసి థీమ్ ఎత్తు నిర్ణయిస్తే మనలాంటి వాళ్లందరికీ అన్యాయం జరుగుతుంది. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

చిగురాకు

అక్షరదీపం గారూ, ఇప్పుడే చూశాను. ‘రాష్ట్రం’లో కింది వత్తు సగం పోయింది. ఎత్తు 28 చేస్తున్నాను. అక్షరాలు నిలువుగా మధ్యలో రావడం లేదు, కాస్త కిందికి జారినట్టున్నాయి. దానికి ఏమైనా ఉందా?

అక్షరదీపం

థీమ్‌ఆర్‌సీలో టైటిల్ వర్టికల్ ఆఫ్‌సెట్ అని యాక్టివ్‌కు ఒకటి, ఇనాక్టివ్‌కు ఒకటి ఉంటాయి. వాటితో పైకీ కిందికీ జరపవచ్చు. రెండింటికీ ఒకే విలువ పెట్టండి, లేకపోతే ఫోకస్ మారినప్పుడల్లా పేరు ఎగిరిపడినట్టు కనబడుతుంది.

గురిబాణం

12 పిక్సెళ్ల బటన్ అని చదివి ఆగిపోయాను. టచ్‌ప్యాడ్‌తో దాన్ని పట్టుకోవడం నిజంగా కష్టం.

1954లో పాల్ ఫిట్స్ చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. లక్ష్యం ఎంత దూరంగా ఉంటే, ఎంత చిన్నగా ఉంటే, చేరుకోవడానికి అంత సమయం పడుతుంది. 2023లో వచ్చిన వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణం 2.2 నొక్కే చోటికి కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, 24 పిక్సెళ్ల ఎత్తు అడుగుతుంది. అది వెబ్ పేజీల కోసం రాసిందే అయినా వేలు, మౌస్, కన్ను అన్నీ అవే కదా.

ఇక్కడ అందానికీ వాడకానికీ గొడవే లేదు. గుర్తు చిన్నదిగా గీయండి, బటన్ బొమ్మ మాత్రం పెద్దదిగా చేయండి. క్రాస్ గుర్తు 10 పిక్సెళ్లే ఉండనివ్వండి. దాని చుట్టూ బార్ రంగే నింపి బొమ్మను 28 పిక్సెళ్ల చదరంగా ఉంచండి. కంటికి అదే సన్నని క్రాస్ కనబడుతుంది, నొక్కడానికి మాత్రం చదరమంతా దొరుకుతుంది. మౌస్ పైకి వచ్చినప్పుడు వాడే ప్రీలైట్ బొమ్మలో ఆ చదరమంతా కాస్త వెలిగేలా చేస్తే, ఎక్కడ నొక్కినా పడుతుందని వాడేవాళ్లకు అర్థమవుతుంది. నొక్కినప్పుడు కనబడే ప్రెస్డ్ బొమ్మను కూడా మర్చిపోకండి. చాలా థీముల్లో అది ఉండదు, బటన్ పడిందో లేదో తెలియదు.

విండో పూర్తిగా పెద్దది చేసినప్పుడు క్లోజ్ బటన్ తెర మూలను తాకాలి. మౌస్ ఎంత విసిరినా మూల దాటి పోదు, కాబట్టి మూలలో ఉన్న బటన్‌కు గురి చూడాల్సిన అవసరమే లేదు. మధ్యలో 2 పిక్సెళ్ల ఖాళీ వదిలినా ఆ సౌకర్యం మొత్తం పోతుంది. థీమ్‌ఆర్‌సీలో మాక్సిమైజ్డ్ ఆఫ్‌సెట్ సున్నా పెట్టండి. మీ నారింజ గీతను క్లోజ్ బటన్ బొమ్మ మీద కూడా గీస్తే సరి, బార్‌లో అది తెగినట్టు కనబడదు.

ఇక క్లోజ్‌కీ మాక్సిమైజ్‌కీ మధ్య కొంచెం ఎడం. పొరపాటున మూసేయడం, పొరపాటున చిన్నది చేయడం ఒకటి కాదు. మొదటిదానితో పని పోవచ్చు.

కొత్తకొమ్మ

బటన్లు ఎడమ పక్కా, కుడి పక్కా? ఏది మంచిది?

గురిబాణం

ఏదైనా పర్వాలేదు, ఒకసారి పెట్టాక మార్చకపోవడమే ముఖ్యం. ఉబుంటు 2010లో 10.04తో బటన్లను ఎడమకు తెచ్చింది, 2017లో 17.10తో మళ్లీ కుడికి వెళ్లింది. రెండుసార్లూ జనం చేతి అలవాటు మార్చుకోవాల్సి వచ్చింది. థీమ్ చేసేవాళ్లు ఈ విషయంలో వాడేవాళ్ల సెట్టింగుకే వదిలేయడం మర్యాద. ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4లో బటన్ల వరుసను ఎవరికి కావాల్సినట్టు వాళ్లు లాగి పెట్టుకోవచ్చు. మీ టైటిల్ బొమ్మల్లో ఏ పక్కకు మార్చినా అతుకులు కనబడకుండా చూసుకుంటే చాలు.

సూదికన్ను

బోర్డర్ 1 పిక్సెల్ కూడా మార్చాలి. విండోను లాగి పెద్దది చేయాలంటే ఆ ఒక్క పిక్సెల్ మీద మౌస్ నిలబెట్టాలి. నేను ఆల్ట్ నొక్కి కుడి బటన్‌తో లాగుతాను కాబట్టి నాకు ఇబ్బంది లేదు. కానీ ఆ సంగతి తెలియనివాళ్లే ఎక్కువ. పక్కలు 3, కింద 4 పిక్సెళ్లు, మూలలు ఇంకాస్త పొడవు ఉంటే చాలు. పాత యూనిక్స్ మోటిఫ్ విండోల్లో మూలలను విడిగా గీత కొట్టి చూపించేవారు, ఇక్కడ పట్టుకుని లాగొచ్చు అని చెప్పకుండానే తెలిసేది. ఇప్పుడలా గీయమని అనను. పట్టుకునే చోటు మాత్రం ఉండాలి.

నల్లతెర

4 పిక్సెళ్ల బోర్డర్ ముదురు థీమ్‌లో లావుగా కనబడుతుంది. నాకు నచ్చదు. దాని బదులు బోర్డర్‌ను విండో లోపలి రంగుకు దగ్గరగా పెట్టి, బయటి అంచున 1 పిక్సెల్ మాత్రం కొంచెం లేత రంగు వేస్తే? కంటికి సన్నని గీతే కనబడుతుంది, పట్టుకోవడానికి 4 పిక్సెళ్లు ఉంటాయి.

తెరచాప

అది చాలా మంచి ఉపాయం. ముదురు థీముల్లో ఉండే ఇంకో పెద్ద లోపాన్ని కూడా అది సరిచేస్తుంది.

లేత రంగు డెస్క్‌టాప్‌లో విండోలను విడదీసేది నీడ. తెల్లని విండో కింద నల్లని నీడ పడితే ఒకటి పైన, ఒకటి కింద ఉన్నట్టు తెలుస్తుంది. ముదురు విండో మీద ముదురు విండో ఉంటే ఆ నీడ పడటానికి చోటెక్కడ? 222222 మీద నీడ వేస్తే ఇంకాస్త నల్లబడుతుంది, అంతే. నీడను ఎంత పెంచినా పెద్దగా ఉపయోగం ఉండదు. రెండు టెర్మినళ్లు ఒకదానిమీద ఒకటి పెడితే అంచు ఎక్కడుందో వెతుక్కోవాలి. చిగురాకు గారు మొదట రాసిన తికమక చాలావరకు ఇదే.

నీడ పని చేయని చోట లేత అంచు పని చేస్తుంది. బయటి అంచున 777777 రంగు 1 పిక్సెల్ వేస్తే 222222 మీద 3.55 కాంట్రాస్ట్ వస్తుంది. ఫోకస్ ఉన్న విండోకు పై అంచున నారింజ గీత ఎలాగూ ఉంది. వెనకవాటికి నాలుగు పక్కలా ఈ బూడిద అంచు. అప్పుడు ఎన్ని విండోలు పేర్చినా ప్రతిదాని ఆకారం తెలుస్తుంది.

మెరుపుతీగ

నేను కేడీఈ అనే ఇంకో లినక్స్ డెస్క్‌టాప్ వాడతాను, అక్కడ అరోరే అనే రకం విండో థీములు చేస్తాను. ఈ చర్చలో ఉన్నవన్నీ మాకూ పనికొస్తాయి. ఒక తేడా ఏమిటంటే మేం గీసేది ఎస్‌వీజీలో, అంటే ఎంత పెద్దది చేసినా చెదరని బొమ్మల్లో. డెకరేషన్ అనే ఒక ఫైల్లో పై భాగం, ఎడమ, కుడి, నాలుగు మూలలు విడివిడి ముక్కలుగా పేర్లు పెట్టి గీస్తాం. ఫోకస్ లేనప్పటివి వేరే ముక్కలు, పూర్తిగా పెద్దది చేసినప్పటివి ఇంకో ముక్కలు. ఒక్కో బటన్‌కు ఒక్కో ఫైలు. తెర సాంద్రత (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు) ఎంతున్నా గీతలు పదునుగా ఉంటాయి.

ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4 బొమ్మలు పిక్సెళ్లలో ఉంటాయి కాబట్టి, ఎక్కువ సాంద్రత తెరల మీద మీ 28 పిక్సెళ్ల బార్ సగానికి సగం కనబడుతుంది. వాళ్ల డిఫాల్ట్ థీమ్‌కు హెచ్‌డీపీఐ, ఎక్స్‌హెచ్‌డీపీఐ అని పెద్ద బొమ్మల కాపీలు విడిగా ఇస్తారు. మీరూ అలాగే చేయాలి. అసలు బొమ్మలు ఎస్‌వీజీలో గీసుకుని, అక్కడి నుంచి రెండు మూడు సైజుల్లో పీఎన్‌జీలు తీసుకుంటే తర్వాత రంగు మార్చినా పని తేలిక.

ఇంకొకటి, టైటిల్ బొమ్మలు ఐదు ముక్కలు కదా. వాటిలో 1, 3, 5 విండో వెడల్పును బట్టి పక్కపక్కన పేర్చుకుంటూ పోతాయి, సాగవు. ఎడమ నుంచి కుడికి రంగు మారే గ్రేడియెంట్ పెడితే చారలు చారలుగా వస్తుంది. పైనుంచి కిందికి మారే గ్రేడియెంట్ అయితే ఇబ్బంది లేదు.

కొత్తకొమ్మ

టైటిల్ బార్ గాజులా వెనకది కనబడేలా చేస్తే అందంగా ఉంటుంది కదా? ఎవరూ దాని ఊసెత్తలేదు.

ఇంద్రధనుస్సు

అందంగా ఉంటుంది, కానీ వెనక ఏముంటుందో థీమ్ చేసేవాళ్ల చేతిలో లేదు. వెనక తెల్లని పేజీ ఉంటే తెల్లని అక్షరాలు కరిగిపోతాయి. విండోస్ విస్టా, 7లో ఏరో గాజు బార్ మీద పేరు చదవడానికి అక్షరాల వెనక తెల్లని మెరుపు వేయాల్సి వచ్చింది. వెనకదాన్ని మసకబార్చి, దాని మీద సగానికి పైగా గట్టి రంగు పూత వేస్తే కొంతవరకు నిలుస్తుంది. నేనైతే గాజును ప్యానెల్‌కో మెనూకో ఉంచి, టైటిల్ బార్‌ను గట్టి రంగుతోనే చేస్తాను.

చిగురాకు

మార్పులన్నీ చేశాను. బార్ 28 పిక్సెళ్లు. ఫోకస్ బార్ 444444, మీద నారింజ గీత, పేరు తెలుపు. వెనకవి 222222, పేరు 999999, చుట్టూ 777777 అంచు. బటన్లు 28 చదరం, లోపల గుర్తు 10. బోర్డర్ నల్లతెర గారు చెప్పినట్టు లోపలి రంగులో 3 పిక్సెళ్లు, బయట 1. ఎనిమిది విండోలు తెరిచి నలుపు తెలుపు స్క్రీన్‌షాట్ తీశాను, ఫోకస్ ఎక్కడుందో తెలుస్తోంది. మొదటి దానికంటే ఇదే అందంగా ఉందని నాకు అనిపిస్తోంది, గీత వల్ల బార్‌కు ఒక ప్రాణం వచ్చింది.

ఒక్కటి మిగిలింది. కొన్ని ప్రోగ్రాములు నా థీమ్‌ను పట్టించుకోవడం లేదు. వాటి టైటిల్ బార్ లావుగా, బటన్లు గుండ్రంగా వేరేగా వస్తున్నాయి.

మెరుపుతీగ

అవి తమ చట్రాన్ని తామే గీసుకునే ప్రోగ్రాములు. టైటిల్ బార్‌లోనే మెనూ, వెతుకు బటన్ కలిపేసి హెడర్ బార్ చేసుకుంటాయి. విండో మేనేజర్‌కు అక్కడ పని లేదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ కూడా 2020లో వచ్చిన 4.16లో తన సెట్టింగుల విండోలకు ఈ పద్ధతి తెచ్చింది.

జీటీకే 3 (బటన్లూ మెనూలూ గీసే లైబ్రరీ) వాడే ప్రోగ్రాములకు మీరు జీటీకే థీమ్‌లో సీఎస్‌ఎస్ (రూపం చెప్పే కోడ్) రాసి హెడర్ బార్‌ను మీ రంగులకు దగ్గర చేయవచ్చు. అదే 444444, అదే గీత, అదే క్రాస్ గుర్తు. ఎత్తు మాత్రం కుదరదు, ఎందుకంటే లోపల బటన్లు పడాలి. ఫోకస్ లేనప్పటి స్థితికి బ్యాక్‌డ్రాప్ అనే విడి స్థితి ఉంటుంది, దానికీ రంగులు ఇవ్వండి. లేకపోతే ఆ ప్రోగ్రాములకు గీత ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, మీ మొదటి సమస్య వెనకదారిన తిరిగొస్తుంది.

లిబ్‌అద్వైతా అనే లైబ్రరీ వాడే కొత్త గ్నోమ్ (మరో లినక్స్ డెస్క్‌టాప్) ప్రోగ్రాములు థీములను తీసుకోవు. వాటిని వదిలేయండి.

నల్లతెర

వదిలేయడమే మంచిది. 2019లో కొందరు గ్నోమ్ యాప్ డెవలపర్లు మా యాప్‌లకు థీములు వేయకండి అని డిస్ట్రోలకు (లినక్స్‌ను కూర్చి పంచేవాళ్లకు) బహిరంగ లేఖ రాశారు. థీమ్ వల్ల ఐకాన్ కనబడకపోయినా, అక్షరాలు మాయమైనా, బగ్ రిపోర్టులు వచ్చేది వాళ్లకే. వాళ్ల బాధ నిజమే. కానీ తన తెర ఎలా ఉండాలో తాను నిర్ణయించుకునే హక్కు వాడేవాళ్లకు ఉండాలి. అందుకే విండో చట్రం మన చేతిలో ఉన్నంతవరకు దాన్ని శ్రద్ధగా చేద్దాం.

అక్షరదీపం

చిగురాకు గారూ, థీమ్ పెట్టేటప్పుడు స్క్రీన్‌షాట్ ఒక్క విండోతో పెట్టకండి. నాలుగైదు విండోలు పేర్చి, ఒకదానికి తెలుగు పేరు ఉండేలా తీయండి. దించుకునేవాళ్లకు అసలు సంగతి అక్కడే తెలుస్తుంది.

చిగురాకు

అలాగే అండీ. పెద్ద సైజు బొమ్మలు తయారవుతున్నాయి, 56 పిక్సెళ్ల బార్‌తో. ఎక్కువ సాంద్రత తెర నా దగ్గర లేదు. ఎవరైనా పరీక్షించగలరా? ముఖ్యంగా బయటి అంచు 1 పిక్సెల్ ఉంచాలా, 2 చేయాలా అన్నది అక్కడే తేలాలి.

మెరుపుతీగ

నాకు పంపండి, చూస్తాను. అంచు 2 చేయండి, ఆ తెరల మీద 1 పిక్సెల్ వెంట్రుకంత సన్నంగా ఉండి కనబడదు. నారింజ గీత కూడా 4 చేయండి. బోర్డర్ మొత్తం 8 అవుతుంది. గుర్తుల గీత మందం కూడా రెట్టింపు చేశారో లేదో చూసుకోండి. పైన నేను చెప్పినట్టు ఎస్‌వీజీ నుంచి తీస్తే అది దానంతటదే వస్తుంది.